డెక్కు మీద ఇసుక పట్టిన పెయింటు: ఫైబర్ బోటుకి చేసిన పని, చేతికి తెలిసిన లెక్కలు

ఫైబర్ బోటు డెక్కు కొత్తలో అద్దంలా ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, నిలబడ్డానికి కాదు. ఉత్త ఉప్పునీళ్ళు పడితే కాలు ఎలాగో నిలుస్తుంది. దాని మీద చేప జిగురు, కరిగిన ఐసు నీళ్ళు, ఇంజను గదిలోంచి కాళ్ళకంటుకొచ్చిన డీజిలు కలిశాయంటే లంగరు తాడు లాగుతున్న మనిషి అణియం (బోటు ముందు భాగం) మీంచి ఎటు జారతాడో చెప్పలేం. గోనెపట్టా పరిస్తే నాలుగు రోజుల్లో కుళ్ళి కంపు కొడుతుంది. పాత వలముక్క మేకులతో బిగిస్తే వేళ్ళకి తగులుకుంటుంది, పైగా మేకు కంతల్లోంచి నీళ్ళు లోపలి ప్లైవుడ్డుకి దిగుతాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో కాకినాడ ఉప్పుటేరు గట్టుకి ఎక్కించిన 32 అడుగుల ఫైబర్ బోటుకి ఇసుక పట్టిన పెయింటు వేశాం. డెక్కు మొత్తం 15 చదరపు మీటర్లు. అందులో ఇసుక పడింది 10. పని తొమ్మిది రోజులు నడిచింది. రోలర్ చేతపట్టింది ఐదు పూటలే, మిగతాదంతా కడగడం, గీకడం, ఎండనివ్వడం.

కాలు జారకుండా చేయడానికి దారులు చాలానే ఉన్నాయి. అంటించే రబ్బరు షీట్లు షికారు పడవలకి బాగుంటాయి. చేపల ట్రేలు ఈడ్చే డెక్కు మీద అంచు లేస్తుంది, లేచిన అంచు కిందికి ఉప్పునీరు చేరుతుంది, ఇక అక్కడినుంచి షీటు మొత్తం కదులుతుంది. రెండోది ఉప్పు చల్లడం. తడి పెయింటు మీద ఉప్పు రవ్వ చల్లి, పెయింటు గట్టిపడ్డాక నీళ్ళు పోసి కడిగేస్తే ఉప్పు కరిగి గుంటలు మిగులుతాయి. కాలికి మెత్తగా ఉంటుంది, చూపుకీ అందమే. కానీ ఆ గుంటల్లో చేప జిగురు నిండితే కాలికి అందే అంచు మిగలదు, మళ్ళీ నున్నటి డెక్కే. మూడోది ఇసుకని పెయింటులోనే కలిపి రోలర్‌తో పూయడం. చాలామంది ఇదే చేస్తారు, తేలిక కాబట్టి. ఇసుక బరువు, డబ్బా అడుక్కి దిగిపోతుంది. ఎంత కలియబెట్టినా రోలర్ మొదటి గజంలో ఇసుకంతా వదిలేసి చివరి గజంలో ఉత్త పెయింటు పూస్తుంది. ప్లాస్టిక్ పూసల్లాంటి తేలిక పొడి కలిపితే ఈ బాధ తగ్గుతుంది గానీ, ఇనప లంగరు ఈడ్చే చోట అవి నలిగి అణిగిపోతాయి. అందుకని తడి పెయింటు మీద పైనుంచి ఇసుక చల్లి, దాని మీద మళ్ళీ పెయింటు మూసే పద్ధతే ఎంచుకున్నాం.

ఎంత గరుకు కావాలన్నది డబ్బా మీది బొమ్మ చూసి తేల్చే విషయం కాదు. మన బోట్ల మీద పని వట్టికాళ్ళతో జరుగుతుంది. ఐదారు గంటలు ఉప్పునీళ్ళలో నానిన అరికాలు చర్మం మెత్తబడి ఉంటుంది. బూట్లు వేసుకునేవాళ్ళకి సరిపోయే గరుకు ఆ కాలిని ఒలిచేస్తుంది. ఇక వల సంగతి: మోనో వల దారం ఒంటి పోగు, సన్నం, గరుకు మీద ఈడిస్తే గీతలు పడి తెగుతుంది. అందుకని ముందు అడుగు చదరంలో నాలుగు ప్లైవుడ్ పలకలు చేశాం. మూడింటి మీద మూడు రకాల ఇసుక, నాలుగోదాని మీద ఉప్పు. ఇసుక కొలతలు సిమెంటు పనివాళ్ళ జల్లెడల లెక్కలో 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్లు, 0.3 నుంచి 0.6, 0.6 నుంచి 1.18. ఎండాక చేపలు కడిగిన నీళ్ళు పోసి, బోటు కళాసీలనే ఒక్కొక్కరిని వాటి మీద నిలబెట్టి, పలకని ఒకవైపు ఎత్తించాం. పాత వలముక్క నాలుగింటి మీదా ఈడ్చి చూశాం.

ముతక పలక మీద కాలు అస్సలు కదల్లేదు. అయినా దిగిన మనిషి అరికాలు తిప్పి చూసుకుని "ఇది కాలు కొరికేత్తందండీ" అన్నాడు. వలముక్క దానికి మూడుచోట్ల పట్టుకుంది. ఉప్పు పలక జిగురు పోయగానే ఓడిపోయింది. మధ్య రకం, 0.3 నుంచి 0.6 ది, కాలికి చాలు. మోకాలు ఆనించినా నొప్పి లేదు. సన్నరకం ఏటవాలు పెరిగితే కాస్త జారింది గానీ బ్రష్షుకి ఇట్టే శుభ్రపడింది. దాంతో డెక్కు మూడు భాగాలైంది. అణియం, పక్క దారులు, ఇంజను మూత చుట్టూ మధ్యరకం, 7 చదరపు మీటర్లు. చేపలు ఏరే చోట సన్నరకం, 3 చదరపు మీటర్లు. ఎందుకంటే అక్కడ రోజూ పొలుసు, జిగురు గీకాలి, లోతు గరుకులో పొలుసు ఇరుక్కుంటే రెండోరోజుకి వాసన. వల లాగే అమరం (బోటు వెనక భాగం) అంచున మూడడుగుల పట్టీ, తాడు కట్టే గుంజల కింద, మూతల అంచులు, నీళ్ళు పోయే కాలవలు మాత్రం నున్నగానే వదిలేశాం. నీటి కాలవకి ఇసుక వేస్తే నీళ్ళు నిలుస్తాయి. తాడు రాసుకునే చోట ఇసుక వేస్తే అది తాడుకి ఆకురాయే.

ఇక ఇసుక. సముద్రం పక్కనే ఉంది కదా అని బీచి ఇసుక ఎత్తుకొచ్చి చల్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రేణువుకి అంటిన ఉప్పు పెయింటు కింద బందీ అవుతుంది. అది పొర గుండా తేమను లాక్కుంటుంది, ఏడాది తిరక్కముందే బొబ్బలు లేస్తాయి. గవ్వ ముక్కలు సున్నం, కాలికింద నలిగి తెల్ల పొడి అవుతాయి. గోదావరి ఇసుకలో ఉప్పు ఉండదు, కానీ అభ్రకం రేకులు మెరుస్తూ కనిపిస్తాయి. రేకు పెయింటులో బల్లపరుపుగా పడుకుంటుంది, పొరలుగా చీలుతుంది, దాన్ని నమ్ముకున్న పెయింటు దానితో పాటే లేస్తుంది. నది ఇసుకే వాడాలంటే బకెట్లో వేసి నీళ్ళు పోసి గట్టిగా కలిపి, రేణువులు కిందికి దిగగానే పైనీళ్ళు వంపేయాలి. అభ్రకం పలచటి రేకు కాబట్టి నెమ్మదిగా దిగుతుంది, అందుకే నీళ్ళతో పోతుంది. ఆరేడుసార్లు చేస్తే గానీ నీళ్ళు తేటపడవు.

మేము తీసుకున్నది నీళ్ళ ఫిల్టర్లలో పోసే సిలికా ఇసుక, 50 కిలోల బస్తా. సిలికా ఇసుక గనులు మనకి గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు ఉన్నాయి, గాజు తయారీకి పోయేది ఆ రకమే. బస్తా ఫిల్టర్‌దైనా సైజులు కలిసే వస్తాయి. 600 మైక్రాన్ల జల్లెడ, దాని కింద 300, దాని కింద 150 పెట్టి ఆడిస్తే 300 మీద నిలిచింది 15 కిలోలకి కాస్త పైన, 150 మీద నిలిచింది ఆరు కిలోలు. కడిగి, రేకు మీద పలచగా పరిచి రెండు ఎండలు ఎండబెట్టాం. మధ్యలో కలియబెట్టకపోతే పైన ఎండి కింద తడి ఉంటుంది. గుప్పెట్లో బిగించి వదిలితే నీళ్ళలా జారిపోవాలి, ఒక్క ఉండ నిలిచినా ఇంకా తడి ఉన్నట్టే. ఎండాక మూతబిగువు డబ్బాలో పెట్టాలి, మన తీరం గాలికి రాత్రికి రాత్రే ఇసుక తేమ పీల్చుకుంటుంది. జల్లించేటప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. ముక్కుకి తువాలు కట్టుకుంటే అది ఆగదు, దుమ్ము మాస్కు ఉండాల్సిందే.

డెక్కు తయారీలో మొదటి పని బిగించినవన్నీ విప్పడం. తాడు గుంజలు, మూతల కీలు, దీపం స్టాండు అన్నీ విప్పి కింద పెట్టాం. వాటి చుట్టూ పెయింటు వేస్తే ఆ అంచే మొదట లేస్తుంది. స్క్రూ కంతల్లో రెండింట్లోంచి నల్లనీళ్ళు వచ్చాయి, లోపల ప్లైవుడ్డు నానిందని గుర్తు. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతే మంచిచోట టక్కుమంటుంది, కుళ్ళినచోట బొద్దుగా మోగుతుంది. బొద్దుగా మోగిన జానెడు ముక్క కోసి తీసి, ఐఎస్ 710 మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్డు) ముక్క ఎపాక్సీలో (రెండు డబ్బాలు కలిపితే గట్టిపడే రెసిన్) కూర్చి, మీద రెండు పొరల ఫైబర్ మ్యాట్ వేశాం. ఇక్కడొక జాగ్రత్త. బోటు పాత ఫైబర్‌లో ఉన్నది పాలిస్టర్ రెసిన్, దాని మీద ఎపాక్సీ అంటుతుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అంటదు, ఒక్కోసారి జిగటగానే ఉండిపోతుంది. కాబట్టి ఒకసారి ఎపాక్సీ మొదలుపెడితే చివరిదాకా అదే. పాలిస్టరే వాడే యార్డుల్లో ఇంకో ప్రమాదం ఉంది: కోబాల్టు (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసేది), హార్డ్‌నర్ (గట్టిపరిచే మందు) రెండూ నేరుగా కలవకూడదు, మంట లేస్తుంది. ముందు రెసిన్లో కోబాల్టు బాగా కలిపాకే హార్డ్‌నర్ పోయాలి.

మిగతా స్క్రూ కంతలన్నీ అసలు సైజు కంటే పెద్ద బిట్‌తో తవ్వి, ఎపాక్సీ పుట్టీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ సన్నకంత వేశాం. ఇక స్క్రూ ఎపాక్సీలోనే ఉంటుంది, నీళ్ళు చెక్క దాకా పోవు. వెంట్రుకంత పగుళ్ళు పైన పుట్టీ రాస్తే మూసుకోవు, వారంలో మళ్ళీ గీత తేలుతుంది. గ్రైండర్ మూలతో వి ఆకారంలో తెరిచి నింపాలి.

తరవాతది మైనం. పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే కంటికి కనబడదు. ఫైబర్ డెక్కు మీది చివరి పూత గాలి తగిలినా జిగట లేకుండా ఎండాలని అందులో మైనం కలుపుతారు, అది పైకి తేలి నిలుస్తుంది. అచ్చులోంచి తీసిన భాగాలకైతే అచ్చు మైనం. దాని మీద చేప నూనె, గ్రీజు ఉండనే ఉన్నాయి. ముందే ఎమరీ పట్టారో, మైనం గీతల్లోకి రుద్దుకుపోతుంది, పెయింటు రెండు నెలల్లో తోలులా ఊడుతుంది. కాబట్టి వరస ఇది: సర్ఫు నీళ్ళతో గట్టి బ్రష్షు పెట్టి కడగడం, మంచినీళ్ళతో రెండుసార్లు జాడించడం, ఆరాక థిన్నర్ తుడుపు. తుడుపుకి రెండు గుడ్డలు. ఒకటి థిన్నర్‌లో తడిపింది, దాని వెనకే పొడిది, థిన్నర్ ఆరకముందే పొడిగుడ్డ తిరగాలి. థిన్నర్ తనంతట తాను ఆరితే కరిగిన మైనం మళ్ళీ అక్కడే పరుచుకుంటుంది. ఒక్కో చదరపు మీటరుకి గుడ్డ మార్చాం, పాత బనియన్ గుడ్డలు నాలుగు కిలోలు పట్టాయి.

పోయిందో లేదో నీళ్ళే చెబుతాయి. గ్లాసుడు మంచినీళ్ళు చల్లండి. డెక్కంతా ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రం, తామరాకు మీది బొట్లలా ముడుచుకుంటే ఇంకా మైనమో నూనో ఉంది. ఇంజను మూత పక్క అడుగు మేర నాలుగోసారి తుడిచాక గానీ నీళ్ళు పరుచుకోలేదు. అప్పుడు 80 నంబరు ఎమరీ. మెరుపు పూర్తిగా చచ్చి డెక్కంతా సుద్ద రంగులోకి రావాలి. ఏటవాలుగా చూస్తే ఎక్కడైనా మెరిసే మచ్చ కనిపిస్తే అక్కడ పెయింటు పట్టదు. ఫైబర్ దుమ్ము దురద, నిండు చేతుల చొక్కా వేసుకుని పనయ్యాక చన్నీళ్ళతోనే కడుక్కోవాలి. పక్క బోటులో ఇనుము కోస్తుంటే మీ డెక్కు మీద బరకం కప్పండి. ఎగిరిన నిప్పురవ్వలు డెక్కుకి అతుక్కుని, తెల్లపెయింటు వేసిన వారానికి తుప్పు చుక్కలై తేలతాయి.

మే నెల వాతావరణం ఈ పనికి సగం శత్రువు. మధ్యాహ్నం డెక్కు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు పూస్తే పైన పొర కట్టేసి లోపలి థిన్నర్ ఆవిరి బయటికి దారి లేక సూదిమొన కంతలు పడతాయి. పొద్దువాలాక పూద్దామంటే సముద్రపు గాలి తేమనీ ఉప్పునీ మోసుకొస్తుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు 26 డిగ్రీల దగ్గరే మంచు పడుతుంది. డెక్కు వేడి దానికి కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, తేమ 85 శాతం దాటకూడదు. తెల్లవారుజామున డెక్కు గాలికంటే చల్లగా ఉంటుంది, కంటికి కనపడని చెమ్మ ఉంటుంది. మాకు దొరికిన వేళ ఏడు నుంచి తొమ్మిదిన్నర. తేమ చూసే చిన్న మీటరు, దూరం నుంచే వేడి చూపే తుపాకీ థర్మామీటరు ఉంటే ఊహలక్కర్లేదు. పైన బరకం నీడ కడితే మరో గంట కలిసొస్తుంది. గాలికి పట్టిన ఉప్పు పోవడానికి ప్రతి పూతకీ ముందురోజు సాయంత్రం మంచినీళ్ళతో కడిగి, పొద్దున్న ఆరిందాకా ఆగాం.

ప్రైమర్ రెండు డబ్బాల ఎపాక్సీ, నాలుగు పాళ్ళు పెయింటు, ఒక పాలు హార్డ్‌నర్. పాళ్ళు కంపెనీని బట్టి మారతాయి, డబ్బా మీదున్నదే మాట. కంటి అంచనా పనికిరాదు, గీతలున్న మగ్గుతో కొలవాలి. హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, మెత్తగా ఉండిపోతుంది. కలిపాక పావుగంట ఆగి మొదలుపెట్టాం. 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు పనికొస్తుందని రాసి ఉంటే, 35 దగ్గర రెండు గంటలే అనుకోవాలి. లోతు డబ్బాలో ఉంచితే తన వేడికి తానే ఇంకా త్వరగా గడ్డకడుతుంది, అందుకే వెడల్పు ట్రేలోకి పోసుకుని లీటరు చొప్పునే కలిపాం. రెండు పూతలకి నాలుగు లీటర్లు పట్టింది, లీటరుకి ఏడున్నర చదరపు మీటర్లు వచ్చినట్టు. మొదటి పూతకీ రెండోదానికీ మధ్య ఒక రాత్రి. రెండోరోజు చేత్తో రాస్తే పైన నూనెలాంటి పొర తగిలింది. తేమకి ఎపాక్సీ అలా చేస్తుంది. దాన్ని ఎమరీతో కాదు, నీళ్ళు, బ్రష్షు పెట్టి కడగాలి. ఆ తరవాతే ఎమరీ.

ఇసుక పూత రోజు ముందు టేపు పని. ఇసుక పడే గళ్ళ చుట్టూ రెండంగుళాల నున్నటి అంచు వదిలి గీశాం. మూలలు చతురస్రంగా వదిలితే మొదట అక్కడే పెయింటు లేస్తుంది, చూపుకీ మోటు. పాలడబ్బా మూత పెట్టి గుండ్రంగా గీసి, టేపు అంటించాక ఆ గీత వెంట బ్లేడుతో కోశాం, కింద ప్రైమర్ తెగకుండా తేలిక చేత్తో. టేపు అంచుని గోటితో నొక్కాలి.

ఇప్పుడు మందం లెక్క. మధ్యరకం ఇసుక రేణువు సగటున 0.4 మిల్లీమీటర్లు. తడి ఎపాక్సీ 0.2 మిల్లీమీటర్లు వేస్తే రేణువు సగం మునుగుతుంది. ఎండాక ఆ పొర సుమారు 0.12కి దిగుతుంది. మీద వచ్చే రెండు పూతలు లోయల్లో కాస్త నిండుతాయి. చివరికి 0.2 మిల్లీమీటర్ల పన్ను పైకి మిగలాలి, కాలిని పట్టేది అదే. మధ్యరకం పడే 7 చదరపు మీటర్లకి 0.2 మిల్లీమీటర్లంటే లీటరున్నరకి కాస్త తక్కువ. దువ్వెనలా పళ్ళున్న చిన్న స్టీలు గేజి తడి పెయింటులో గుచ్చితే ఏ పన్ను దాకా తడిసిందో చూసి మందం తెలుస్తుంది. సన్న ఇసుక గళ్ళలో మాత్రం 0.2 వేయకూడదు, రేణువు మొత్తం మునిగిపోతుంది. అక్కడ 0.12 చాలు.

చల్లడానికి ఇద్దరు కావాలి. ఒకరు పూస్తూ ముందుకి, ఒకరు చల్లుతూ వెనక. ఒంటరిగా చేస్తే ఆ వేడికి పది నిమిషాల్లో పైన పొర కట్టి ఇసుక మీదే నిలబడిపోతుంది, ఊడిస్తే ఊడిపోతుంది. ఒక్కసారికి చదరపు మీటరు పూసి, రెండు మూడు నిమిషాలు ఆగి, రోలర్ గీతలు చదునయ్యాక చల్లాలి. డబ్బా మూతకి రెండు మిల్లీమీటర్ల కంతలు పొడిచి, ఛాతీ ఎత్తు నుంచి నిటారుగా పడేలా తట్టాం. గుప్పెటతో ముగ్గు వేసినట్టు విసిరితే రేణువులు పెయింటుని తోసుకుంటూ అలలుగా పేరుకుంటాయి. ఎత్తు నుంచి వానలా పడితే ఎక్కడికక్కడ కూర్చుంటాయి.

ఎంత చల్లాలి? తడి మెరుపు ఎక్కడా కనిపించనంత. పలచగా, సమంగా చల్లుదామని చేయి బిగబట్టేవాళ్ళకే మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఇసుక ఎక్కువైతే నష్టం లేదు, పెయింటు తనకి పట్టినంతే పట్టుకుంటుంది. చదరపు మీటరుకి కిలోన్నర చొప్పున 15 కిలోలు చల్లితే మర్నాడు పది కిలోల దాకా ఊడ్చి తిరిగి తీసుకున్నాం. మొదట చల్లినప్పుడు పొడిగా కనిపించిన చోట రెండు నిమిషాల్లో మళ్ళీ తడి మరకలు పైకి వస్తాయి, ఇసుక పెయింటుని పీల్చుకుని దిగిందన్నమాట. అక్కడ మళ్ళీ చల్లాలి. అలా మూడుసార్లు తిరిగితే గానీ గడి నిండలేదు.

అతుకు దగ్గర ఒక కిటుకు. పూసిన మీటరు చివర మూడంగుళాల తడి పట్టీ ఇసుక లేకుండా వదిలేయాలి. తరవాతి మీటరు పూసేటప్పుడు రోలర్ ఆ పట్టీ మీదికి వచ్చి కలుస్తుంది, అప్పుడు రెండింటి మీదా కలిపి చల్లాలి. అంచుదాకా ఇసుక వేసేస్తే తరవాతి రోలర్ దాన్ని ఈడ్చుకుపోయి డెక్కుకి అడ్డంగా గట్టు పడుతుంది. మొదటి గడిలో మేము ఇది మరిచాం. ఆ గట్టు మర్నాడు గీకురాయి పెట్టి అరగదీసినా ఇప్పటికీ కాలికి తెలుస్తుంది.

టేపు మర్నాటిదాకా ఉంచకూడదు. ఎపాక్సీ గట్టిపడితే టేపుతో పాటు అంచు పెళుసుగా విరిగి, రంపపు పళ్ళలా మిగులుతుంది. చల్లిన గంటకి, ఇసుక కదలకుండా కూర్చుని, పెయింటు ఇంకా గోటికి మెత్తగా తగిలే సమయంలో, టేపుని దాని మీదికే వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాం. నున్నటి అంచు మీద పడ్డ ఇసుక గురించి తొందరపడక్కర్లేదు, కింద ప్రైమర్ ఎండి ఉంది కాబట్టి అంటదు. తడి గుడ్డతో తుడవబోతే మాత్రం అంచంతా చెదిరిపోతుంది.

మర్నాడు ఈనెల చీపురుతో గట్టిగా ఊడ్చి, తరవాత వ్యాక్యూమ్‌తో లాగి, ఒకసారి అరచేత్తో అంతా తడిమాం. వదులుగా ఉన్న రేణువు ఇప్పుడే పోవాలి. మూసే పూతలో చిక్కితే తరవాత అదే ఊడి గుంట చేస్తుంది. మొనలు మరీ గుచ్చుతున్న చోట వాడిపోయిన 80 నంబరు ఎమరీ ఒక్క విసురు చాలు. ఎక్కువ రుద్దితే చేసిన పని మనమే తీసేసినట్టు.

మూసే పెయింటు రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్). ఎపాక్సీకి పట్టు ఎక్కువ గానీ ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. పీయూ ఎండకి తట్టుకుంటుంది. దీని హార్డ్‌నర్‌కి నీళ్ళంటే పడదు. తేమలో పూస్తే సన్న బుడగలొస్తాయి, సగం వాడిన హార్డ్‌నర్ డబ్బా మూత సరిగా పెట్టకపోతే వారంలో జెల్లీ అవుతుంది. ఆవిరి ఊపిరికి చెడ్డది, అందుకని స్ప్రే జోలికి పోలేదు. రోలర్‌తోనే, కార్బన్ డబ్బాలున్న మాస్కు పెట్టుకుని. మామూలు బట్ట మాస్కు దీన్ని ఆపదు.

మొదటి పూత మామూలు కంటే కాస్త పలచన చేసి, పొట్టి నూలు రోలర్‌తో ముందు నిలువు, వెంటనే అడ్డం తిప్పాం, రేణువు అన్ని పక్కలా తడవాలి కదా. నునుపు డెక్కు మీద లీటరుకి పది చదరపు మీటర్లు వచ్చే పెయింటు గరుకు మీద ఐదే వచ్చింది. రెండో పూతకి ఏడు. ఆ లెక్కన గళ్ళకి మూడున్నర లీటర్లు, నున్నటి అంచులకి రెండు పూతలు కలిపి లీటరు. చేతికింద ఐదు లీటర్లు ఉండాల్సిందే, మధ్యలో అయిపోతే అతుకు కనపడుతుంది. మూడో పూత వేద్దామని అందరికీ అనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు రంగు నిండుగా వస్తుంది. వద్దు. మూడో పూత తరవాత మిగిలేది గరుకు కాదు, గరుకు బొమ్మ.

రంగు విషయంలో యజమాని ముదురు ఆకుపచ్చ అడిగారు. మధ్యాహ్నం వట్టికాళ్ళు దాని మీద నిలవవు. తెల్లటి తెలుపు కళ్ళని పొడుస్తుంది, దానికి తోడు నెత్తుటి మరకలు. లేత బూడిద రంగు దగ్గర ఒప్పందం కుదిరింది. మెరుపు తగ్గించే పొడి కలపలేదు, ఇసుక మీద మెరుపు దానంతటదే చెదిరిపోతుంది.

రెండో పూత తరవాత ఒకరోజుకి తేలిగ్గా నడవొచ్చు. బరువులు, లంగరు, డీజిల్ డబ్బాలు వారం దాకా పెట్టనివ్వలేదు. గుంజలు, కీలు తిరిగి బిగించేటప్పుడు కింద సీలెంట్ రాసి, ముందు సగం బిగించి, అది ఆరాక మిగతా సగం బిగించాలి. ఒకేసారి బిగిస్తే సీలెంట్ అంతా పక్కలకి పిండుకుపోతుంది. మూతలు కూడా అప్పుడే సరిచూసుకోవాలి. అంచుకి నాలుగు పూతలు పడ్డాయి, మా ఇంజను మూత బిగుసుకుపోయి, చివరికి అంచు మళ్ళీ ఎమరీ పట్టాల్సి వచ్చింది.

కడగడానికి గట్టి నైలాన్ బ్రష్షు, సర్ఫు, ఉప్పునీళ్ళు చాలు. జిగురు ఎండకముందే కడగాలి, ఎండితే ఇసుక సందుల్లో బంకలా పడుతుంది. ఇనప పీచు వాడొద్దు, దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు పడతాయి. ముందుగా అరిగేది లంగరు ఈడ్చే చోటు, ఇంజను మూత ముందు దిగే చోటు. అక్కడ మొనలు తేలి నల్లగా కనిపించడం మొదలైతే అదే సమయం: కడిగి, థిన్నర్ రెండు గుడ్డల తుడుపు, ఇత్తడి తీగ బ్రష్షుతో గరుకు చేసి, ఒక పలచటి పీయూ, దాని మీద చిటికెడు ఇసుక, మర్నాడు మరో పూత. అడుగు చదరం పని రెండు పొద్దులు. ఇసుక పూర్తిగా ఊడి కింద ప్రైమర్ కనపడేదాకా ఆగితే మాత్రం గడి మొత్తం గ్రైండర్‌తో గీకాలి. ఇసుక పట్టిన ఎపాక్సీ గీకడానికి డిస్కులు చదరపు మీటరుకి ఒకటి చొప్పున అరుగుతాయి. అందుకే మిగిలిన పీయూ అర లీటరు, రెండు రకాల ఇసుక చెరో సీసాడు, మీద సైజు రాసి, బోటు యజమానికి ఇచ్చేశాం. హార్డ్‌నర్ డబ్బా తెరవనిదే ఇచ్చాం.